ఇంటికి చేరినట్టు ధ్రువీకరణ

రెంటచింతల,
ఏప్రిల్ 6, 2025.

చెల్లీ జాస్మిన్,

ఫోన్ చెయ్యడం మానేసి నోటుపుస్తకం కాగితాలకి ఫోటోలు తీసి పంపుతోందేమిటి ఈవిడ అని నవ్వుకుంటున్నావా? మా ఇంట్లో ఫోన్ మోగితే స్పీకరు పెట్టి మంచం మధ్యలో పెట్టాలి. మా ఆయన చెన్నకేశవులు, బావగారు పిచ్చియ్య, తోటికోడలు తిరపతమ్మక్క, పక్కింటి నాంచారమ్మత్త, అందరూ చుట్టూ చేరి వింటారు. అది తప్పని ఇక్కడ ఎవరూ అనుకోరు. వెళ్లకముందు నేనూ అలాగే వినేదాన్ని. దీవిలో నాలుగేళ్లు ఒక గదిలో తలుపేసుకుని బతికాక ఇప్పుడు చేతకావడం లేదు. అందుకే మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే రాసుకుంటున్నాను. నువ్వూ రాసే పంపు. తెలుగు రాయడం మరిచిపోయావంటే మీ నరసరావుపేటలో పరువు పోతుంది.

వచ్చి పదహారు రోజులైంది. ఎండ గురించి రాయను, రెంటచింతల అన్నాక వేరే చెప్పాలా. మా ఆయన నాపరాళ్ల లోడేసుకుని హైదరాబాదు వెళ్తే మూడు రోజులకి గానీ రాడు. ఆ లారీ ఫైనాన్సు తీరడానికే గదా నేను సముద్రం దాటింది. అది తీరిపోయింది. లారీ మీద నా పేరు కూడా రాయించాడు. చూసి సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియక టైర్లు బాగున్నాయా అని అడిగాను.

నీకు చెప్పాల్సింది వేరే ఉంది. హిమబిందు నన్ను మీరు అంటోంది. ‘మీరు టీ తాగుతారా’, ‘మీ చార్జరు ఇక్కడుంది’ అని. తొమ్మిదేళ్ల పిల్ల, ఎవరూ నేర్పలేదట, ఇంటికి వచ్చిన టీచరుతో మాట్లాడినట్టు దానంతటదే మాట్లాడుతోంది. తిరపతమ్మక్కని మాత్రం అమ్మా అని పిలిచి, నువ్వు అని దబాయించి, కొంగు పట్టుకుని లాగుతుంది. నేను వెళ్లేనాటికి దానికి అయిదేళ్లు నిండలేదు. మధ్యలో ఒక్కసారి నెల రోజులు వచ్చి వెళ్లాను. తప్పు దానిది కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండెలో మంట తగ్గదు.

ఒక పని చేసిపెట్టు. వచ్చేటప్పుడు విమానం టికెట్టు నేనే కొనుక్కున్నాను గదా, కాంట్రాక్టు ముగించి ఇంటికి చేరాక ఆ ఖర్చు బడివాళ్లు తిరిగి ఇస్తారని రాసి ఉంది. బోర్డింగు పాసులు జాగ్రత్తగా దాచాను. ఇంకేం కాగితాలు కావాలో ఆఫీసులో కనుక్కో.

మీ
కోటేశ్వరి

—

దీవి బడి క్వార్టర్సు, మాల్దీవులు,
ఏప్రిల్ 13.

కోటేశ్వరక్కకి సలాములు.

నీ ఉత్తరం చూసి నిజంగానే నవ్వాను. ఆ తర్వాత ఏడ్చాను కూడా, అది నీకు అనవసరం. నువ్వెళ్లిన రోజు నుంచి ఈ వరండాలో తెలుగు మాట వినబడలేదు. లెక్కల క్లాసులో పిల్లలు తప్పు చేస్తే తెలుగులోనే తిడుతున్నాను, వాళ్లకి అర్థం కాదు, నాకు హాయిగా ఉంది. నీ గదికి తాళం అలాగే ఉంది.

ఆఫీసుకి వెళ్లాను. విదేశీ టీచర్ల టికెట్టు ఖర్చు కోసం వేరే ఫారం ఉంది, ఫోటో పంపుతున్నాను. దానికి బోర్డింగు పాసులు, టికెట్టు రసీదు, కాంట్రాక్టు నకలు జతచెయ్యాలి. వీటితోపాటు ఇంకొకటి కావాలి. నువ్వు సొంత ఊరికి చేరి కుటుంబంతో కలిసి ఉంటున్నావని మీ ఊరి ప్రభుత్వ కార్యాలయం ఇచ్చే ధ్రువీకరణ పత్రం. కొందరు టికెట్టు డబ్బు తీసుకుని ఇంకో దేశంలో ఉద్యోగానికి ఎగిరిపోతున్నారని ఈ ఏడు పెట్టిన నిబంధన. కాంట్రాక్టులో నీ కుటుంబం కింద ఎవరెవరి పేర్లు రాశావో ఆ పేర్లన్నీ ఆ పత్రంలో ఉండాలి. నువ్వు మీ ఆయన పేరు, పిల్ల పేరు రాశావు, నేను ఫైలు చూశాను.

గడువు తొంభై రోజులు, అంటే జూన్ పద్దెనిమిది. ఆ లోపు మళ్లీ పనిచేస్తానని రాస్తే నీ పోస్టు నీకే ఇస్తారు, అప్పుడు టికెట్టు డబ్బు రాదు. ఫారం పంపితే నువ్వు ఇంటికి వెళ్లిపోయినట్టే, పోస్టు ఖాళీ అయినట్టు ప్రకటిస్తారు. రెండూ కుదరవు.

నీకు ఆలోచించడానికి ఏముందిలే. ఇల్లు, పిల్ల, మొగుడు. వెంటనే ఫారం పంపెయ్. ఈ వారంలోనే పంపు. హిమబిందు సంగతి దిగులు పెట్టుకోకు, పిల్లలు నాలుగు రోజుల్లో మారిపోతారు.

నీ చెల్లెలు
జాస్మిన్

—

రెంటచింతల,
ఏప్రిల్ 25.

జాస్మిన్,

ఈ వారంలోనే పంపమన్నావు. పంపలేను. ఎందుకో రాస్తాను.

ధ్రువీకరణ కోసం మా ఊరి సచివాలయానికి వెళ్లాను. మా ఇంటి రేషను కార్డులో నా పేరు లేదు. దేశం దాటిందని ఇంటివాళ్లే మూడేళ్ల కిందట తీయించారట, అది సరే, మళ్లీ చేర్పించుకోవచ్చు. కంప్యూటరు దగ్గరి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కాసేపు తెర వంక చూసి, హిమబిందుకి మీరేమవుతారు మేడం అని అడిగింది. తల్లినన్నాను. ఆమె తెర నా వైపు తిప్పింది.

“తల్లి పేరు లక్ష్మీతిరపతమ్మ అనుందే మేడం,” అంది.

నా వెనక లైన్లో నలుగురున్నారు. నాకు ఆ నాలుగు జతల కళ్లూ వీపు మీద తెలిశాయి. ఇంట్లో ఏదో మరిచిపోయిన మనిషిలా సంచి తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి అడిగాను. మా ఆయన అప్పుడే లారీ దిగి స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. పిల్లల చదువుకని ఏటా పడే డబ్బు తల్లి ఖాతాలోనే వేస్తారు, దానికి తల్లి వేలిముద్ర వెయ్యాలి. నేను లేను. అందుకని పిల్లని బావగారి కార్డులోకి మార్చి, తిరపతమ్మక్క పేరు తల్లిగా రాయించారు. ఎవరూ చెడ్డ బుద్ధితో చెయ్యలేదు. ఆ డబ్బుతో పిల్లకే సైకిలు, పుస్తకాలు, కళ్లజోడు కొన్నారు. “నువ్వు లేవు గదా, ముద్ర ఎవరెయ్యాలి? దానికింత రాద్ధాంతం ఏంది?” అన్నాడాయన. అన్నం కలుపుకుంటూనే అన్నాడు.

మూడేళ్లలో ఒక్క ఫోన్లో కూడా ఆ మాట చెప్పలేదే అంటే, స్పీకరు పెట్టి మాట్లాడే ఫోన్లో అలాంటివి ఏం చెప్తాం అన్నాడు. ఇదీ మా ఇంటి తీరు. అందరి ఎదుటా అన్నీ మాట్లాడతారు, అసలు మాట మాత్రం ఎవరూ మాట్లాడరు.

తిరపతమ్మక్క బియ్యం ఏరుతూ కూర్చుంది. తలెత్తలేదు. ఆమెకి పిల్లల్లేరని నీకు తెలుసు. నేను దీవికి వెళ్లేటప్పుడు పిల్లని ఆమె ఒళ్లో పెట్టింది నేనే. జాగ్రత్త అక్కా అన్నాను. జాగ్రత్తగానే చూసుకుంది, దాన్ని చూస్తే తెలుస్తుంది. మరి నాకెందుకింత కోపం? ఎవరి మీద? ఇంట్లో నిలవబుద్ధి కాదు, వీధిలోకి వెళ్తే ఎండ. మాచర్ల బస్సెక్కి అక్కడ దిగి, ఏ పనీ లేక అదే బస్సులో వెనక్కి వచ్చాను నిన్న. కండక్టరు గుర్తుపట్టి ఏమ్మా మళ్లీ నువ్వే అన్నాడు.

మీ
కోటేశ్వరి

—

దీవి బడి క్వార్టర్సు,
మే 3.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు కోపం రావడం న్యాయమే. నేనైతే గిన్నెలు విసిరేదాన్ని. కానీ చూడు, ఇది కాగితం మీద తప్పు, కాగితం మీదే సరిదిద్దుకోవాలి. వాళ్లు పిల్లని ఎత్తుకుపోలేదు. నీ పేరు చేర్పించు, పిల్లని నీ కార్డులోకి మార్పించు, పత్రం తీసుకో, ఫారం పంపు. ఇంతే పని. ఏడవడానికి తర్వాత ఎంత తీరికైనా ఉంటుంది.

కింద క్వార్టర్సులో ఉండే కేరళ సారు గుర్తున్నాడా, సాయంత్రాలు వంతెన మీద చేపలు పట్టేవాడు? పోయిన ఏడు ఇదిగో అదిగో అంటూ గడువు దాటబెట్టుకున్నాడు. ఇప్పుడు నెలకొక ఉత్తరం రాస్తాడు, క్లర్కు వాటిని చదవకుండానే ఫైల్లో పెడతాడు. నీకా గతి పట్టకూడదు.

ఇక్కడ పరీక్షలు మొదలయ్యాయి. నీ ఇంగ్లీషు క్లాసులు నలుగురం పంచుకుని చెబుతున్నాం. ఇంటి దగ్గర అందరూ కులాసా. మా చెల్లెలు మిస్బా బి.ఎడ్. పూర్తి చేసి ఏడాది దాటింది, దానిదీ ఇంగ్లీషే. ఇంట్లో ఊరికే కూర్చోలేక గోడలకి మాట్లాడుతోందట. నిన్ను అడిగానని చెప్పమంది.

ఫారం సంగతి ఆలస్యం చెయ్యకు.

జాస్మిన్

—

రెంటచింతల,
మే 15.

జాస్మిన్,

కాగితం మీద తప్పు కాగితం మీదే దిద్దుకోమన్నావు. ఆ మాటే పట్టుకుని తిరపతమ్మక్కని అడిగాను. పిల్లని నా కార్డులోకి మార్చాలంటే ఆమె వచ్చి, ఈ పిల్లని నా పేరు మీద నుంచి తీసెయ్యండని వేలిముద్ర వెయ్యాలి.

ఆమె పాలిషింగు యూనిట్ నుంచి అప్పుడే వచ్చింది. బావగారు క్వారీలో నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి, ఆరు నెలలుగా ఆమే పనికి వెళ్తోంది. నాపరాళ్లని మిషను రుద్దుతుంటే నీళ్లు కొట్టి బురద కడగడం. ఒళ్లంతా తెల్లగా పిండి పట్టి ఉంటుంది. కాళ్లు కడుక్కుంటూ నా మాటంతా విని, “తీసుకో. నీ పిల్లేగా. నేనేమన్నా కడుపున మోశానా?” అంది. గొంతులో కోపం లేదు. అది ఉంటే నాకు బాగుండేది.

ఆ రోజు నుంచి ఆమె పిల్లని దగ్గరికి రానివ్వడం మానేసింది. జడ వెయ్యమని దువ్వెన తెస్తే మీ అమ్మ దగ్గరికి పో అంటోంది. అన్నం కలిపి పెట్టదు. పడక కూడా నా పక్కకి మార్చింది. హిమబిందు నాకేసి చూసి, “మీరేమన్నా అన్నారా మా అమ్మని?” అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. నమ్మలేదు. రెండు జడలు వేస్తే, విప్పేసి ఒక జడ తనే వేసుకుంది, వంకరగా. ఈ నిప్పులు చెరిగే ఊళ్లో పుట్టిన పిల్లకి హిమబిందు అని పేరు పెట్టింది నేను. ఆ పేరుతో నేను తప్ప ఎవరూ పిలవరు, అందరికీ అది చిట్టి. నేను హిమబిందూ అని పిలిస్తే ఎవరినో అన్నట్టు ఒక్క క్షణం ఆగి చూస్తుంది.

దాని వేసవి సెలవులు, నాకు ఉద్యోగం లేదు, ఇద్దరం రోజంతా ఒకే ఇంట్లో. ఇంగ్లీషు చెప్తానంటే బుద్ధిగా పుస్తకం తెచ్చుకుంటుంది. తప్పు లేకుండా చదువుతుంది. అయిపోయాక థాంక్యూ అంటుంది. కన్నకూతురు నోట థాంక్యూ ఎలా ఉంటుందో నీకు తెలియదు.

నీ దగ్గర దాచడం ఎందుకు. టికెట్టు డబ్బు గురించి మొదటి ఉత్తరంలో నిన్ను అడిగింది వాళ్ల కోసం కాదు. ఆ డబ్బు చేతికొస్తే మళ్లీ టికెట్టు కొనుక్కుని వచ్చేద్దామనుకున్నాను. వచ్చిన మూడో రోజే అనుకున్నాను. రెండూ కుదరవని నువ్వు రాసిన రోజు నుంచి నా దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి నింపిన ఫారం. రెండోది, మళ్లీ పనిచేస్తానని ప్రిన్సిపాల్ గారికి రాసిన ఉత్తరం. పొద్దున ఒకటి పంపాలనిపిస్తుంది, అన్నాలవేళకి రెండోది.

ఇవాళ రెండోదే. నీకు ఆవిడ దగ్గర చనువుంది గదా, నా పోస్టు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు. ఆ దీవిలో నన్ను ఎవరైనా నువ్వు అన్నా మీరు అన్నా పట్టింపు లేదు. అక్కడ నేను టీచర్నంతే.

కోటేశ్వరి

—

దీవి బడి క్వార్టర్సు,
మే 20.

అక్కా,

ప్రిన్సిపాల్ గారు మాలె వెళ్లారు, ఎప్పుడొస్తారో తెలియదు. వచ్చినా ఇప్పుడు చెప్పడం బాగుండదు. ఇక్కడ పరిస్థితులు నువ్వున్నప్పటిలా లేవు. జీతాలు ఆలస్యమవుతున్నాయి, నీళ్లు ఉప్పగా వస్తున్నాయి. తొందరపడి ఏదీ రాయకు. పిల్లని వదిలి మళ్లీ వచ్చావంటే నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించు.

పనిలో ఉన్నాను. తర్వాత రాస్తాను.

జాస్మిన్

—

రెంటచింతల,
మే 29.

జాస్మిన్ టీచరు గారికి,

నలుగురూ ఏమనుకుంటారో అని నువ్వు రాశాక, ఇది నువ్వు రాసే మాట కాదే అనిపించింది. వంతెన మీద కాళ్లు వేలాడేసుకుని, జనం ఏమనుకుంటే మనకేం అక్కా అని నాకు నేర్పిందే నువ్వు. అందుకని నేనే ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టాను. ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు. గంటలో జవాబిచ్చింది.

నేను తిరిగి రానని నువ్వు ఏప్రిల్ పదిహేనునే చెప్పావట. నీ చెల్లెలి సర్టిఫికెట్లు కూడా అదే రోజు ఇచ్చావట. నేను నా నోటితో చెప్పేదాకా గడువు ఉంది కాబట్టి ఆగుతానని ఆవిడ మర్యాదగా రాసింది. ఆ మర్యాద నీకు లేకపోయింది.

ఏప్రిల్ పదిహేను అంటే, ఆలోచించడానికి ఏముందిలే అని నువ్వు నాకు రాసిన రెండు రోజులకే. నా పిల్లని అడగకుండా ఒకరి పేరు మీద రాశారు. నా పోస్టుని అడగకుండా నువ్వు ఇంకొకరికి రాశావు. వాళ్లయినా నాకు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు.

నువ్వు నాకు జవాబు రాయనక్కర్లేదు.

కోటేశ్వరి

—

దీవి బడి క్వార్టర్సు,
జూన్ 3.

అక్కా,

రాయనక్కర్లేదన్నావు, అయినా రాస్తున్నాను. చదవకుండా చెరిపేస్తే నేనేం చెయ్యలేను.

నువ్వు రాసిందంతా నిజం. ప్రిన్సిపాల్ గారు ఊళ్లో లేరని అబద్ధం చెప్పాను. నీళ్ల సంగతి కూడా అబద్ధమే, ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు మళ్లీ వస్తానంటే ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని భయపడ్డాను. అది నాకే సిగ్గుగా ఉంది.

మా అబ్బా మౌలాలీ గురించి నీకు ఇదివరకు చెప్పాను, పేటలో ఆయన చేతి కింద నేర్చుకోని మెకానిక్కు లేడు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. నట్టు బిగించలేక షెడ్డు ఇంకొకరికి వదిలేశాడు. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది, అది నాకు కష్టం కాదు. మిస్బా కష్టం. అబ్బాని చూసుకోవడానికి అమ్మీ ఉంది, అయినా అది ఇంట్లోనే ఉండిపోయింది. ఆరు బళ్లకి వెళ్లి అడిగింది. అన్నిచోట్లా అనుభవం అడిగారు. ఏప్రిల్లో ఒకరోజు ఫోన్లో, ‘ఆపా, నేను రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతున్నానో లెక్కపెట్టుకుంటున్నాను’ అంది. అప్పటికే నీ ఉత్తరం వచ్చింది, ఫారం అడిగావు. నువ్వెలాగూ రావు, ఆ పోస్టు ఎవరికో పోతుంది, దీనికి ఎందుకు పోకూడదు అనుకున్నాను. అడిగితే నువ్వు సరేననేదానివే. అడగడానికి మొహమాటపడి, నీ తరఫున నేనే అనేసుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

నిన్న ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పేశాను. మిస్బా సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకున్నాను. నీ పోస్టు పద్దెనిమిదో తేదీ దాకా నీదే. వస్తానంటే రేవులో నేనే ఉంటాను, పెట్టె నేనే మోస్తాను, మాట్లాడకపోయినా పక్కనే నడుస్తాను.

తిట్టినా సరే, ఒక్క మాట అడుగుతాను. ఇక్కడున్నప్పుడు ప్రతి శుక్రవారం నువ్వు గోడ మీద క్యాలెండరులో గీతలు పెట్టేదానివి, ఇంటికి ఎన్ని రోజులుందో. ఇప్పుడు మళ్లీ వచ్చి ఆ గోడ మీదే గీతలు పెడతావా? అప్పుడు ఎటు వెళ్లడానికి పెడతావు?

మాఫీ చెయ్యమని అడగను.

జాస్మిన్

—

రెంటచింతల,
జూన్ 17.

జాస్మిన్,

నీ ఉత్తరం చెరపలేదు. నాలుగు రోజులు తెరవలేదంతే. నిన్ను క్షమించానో లేదో నాకింకా తెలియదు, కానీ నిన్న జరిగింది నీకు తప్ప ఎవరికి రాయాలో కూడా తెలియలేదు. కాబట్టి చదువు.

నిన్న సోమవారం తిరపతమ్మక్క పనికి వెళ్లలేదు. పొద్దున్నే తలంటుకుని, పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. రోజూ నేను సంచిలోంచి ఆ రెండు కాగితాలు తీసి చూసి మళ్లీ పెట్టుకోవడం ఆమె గమనించిందట. గడువు ఎల్లుండితో సరి అని మా ఆయన చెప్పాడట. “పద, ఆ ముద్రేదో ఏసొస్తా. నా వల్ల నీ పని ఆగిందనే మాట నాకొద్దు,” అంది.

ఇద్దరం నడిచే వెళ్లాం. సచివాలయంలో అదే అమ్మాయి. వివరాలన్నీ నింపి, పిల్లని మార్చడానికి ఒప్పుకుంటున్నట్టు వేలు పెట్టమని మిషను ఆమె ముందుకి జరిపింది. అక్క బొటనవేలు పెట్టింది. మిషను ఎర్రగా వెలిగి, సరిపోలలేదంది. మళ్లీ పెట్టింది, మళ్లీ అంతే. చూపుడు వేలు పెట్టమంటే పెట్టింది. ఆ అమ్మాయి తడిగుడ్డ ఇస్తే తుడుచుకుని పెట్టింది. లైన్లో ఒకాయన, తలకి రాసుకుని పెట్టమ్మా, నూనె తగిలితే పడుద్ది అన్నాడు. అలాగే చేసింది. ఎడమ చెయ్యి కూడా అయిపోయింది. పోయిన ఏడు దాకా పడిన ముద్ర. ఆరు నెలలు రాళ్లు కడిగేసరికి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి.

నేను పక్కనే నిలబడి ఆ వేళ్లు చూశాను. అదే మొదటిసారి చూడటం. నున్నగా, చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆమె చీర కుచ్చిళ్లకేసి వేళ్లు రుద్దుకుంటోంది. ఎర్రబడేదాకా రుద్ది మళ్లీ పెడుతోంది. నా పిల్లని నాకు ఇచ్చెయ్యడానికి అంత కష్టపడుతోంది. మాచర్లలో ఇంకో మిషనుందని, అది వేలికి బదులు కంటిపాపని చూసి ఒప్పుకుంటుందని ఆ అమ్మాయి చెప్పింది. “ఎంతసేపు, బస్సుందిగా, పోదాం పద,” అని అక్క అప్పుడే మెట్లు దిగుతోంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. “చాల్లే అక్కా. ఇంటికి పోదాం,” అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మరి నీ డబ్బో, నీ కాగితమో అంది. అక్కర్లేదన్నాను. ఎండలో ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది జాస్మిన్. కార్డు మార్చమన్న రోజు కూడా ఏడవని మనిషి. ఏడుపు మధ్యలో అంది, “పిల్లని ఆ సముద్రంలోకి తీసకపోతావనుకున్నా. అందుకే గదా కార్డు మార్పిస్తన్నావనుకున్నా. అది నన్ను మర్సిపోతేనే పోగలదని దగ్గరికి రానీలా. నెలైంది నాకు నిద్దర లేక.”

పిల్లని కసిరింది అందుకా. కోపంతో అనుకున్నాను నేను. నేను నాలుగేళ్ల కిందట అయిదేళ్లు నిండని దాన్ని వదిలి వెళ్లినప్పుడు, అది నన్ను మరిచిపోతే దానికే సుఖమని నేను ఒక్కరోజైనా అనుకున్నానా?

ఇంటికొచ్చి ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టాను. తిరిగి రావడం లేదని, టికెట్టు ఖర్చు కూడా అడగడం లేదని రాశాను. మా ఆయన గంటసేపు సణిగి, తర్వాత లారీ కడుక్కున్నాడు. పిల్ల కార్డు అలాగే ఉంటుంది. ఇవాళ పొద్దున దానికి అక్కే జడ వేసింది. నేను పక్కన కూర్చుని రిబ్బన్లు అందించాను. నువ్వు వెళ్లి మిస్బా సర్టిఫికెట్లు మళ్లీ ఇచ్చిరా. నేను పంపమన్నానని చెప్పు, ఈసారి అది నిజం. నా గదిలో కిటికీ పక్క బల్ల సొరుగు ఎత్తి లాగితేనే వస్తుందని చెప్పు.

ఒక సంగతి మాత్రం నిన్నటి నుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు. ఈ మూడు నెలల్లో మళ్లీ వెళ్లిపోవాలని నేను ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసు. మనసులో ఆ గది చూసుకున్నాను, వంతెన చూసుకున్నాను, పడవ దిగి నీతో నడుస్తున్నట్టు చూసుకున్నాను. అన్నిసార్లూ ఒక్కదాన్నే ఉన్నాను. పిల్లని వెంటబెట్టుకుని వెళ్తానని ఆమెకి తోచింది, నెలరోజులు నిద్ర పోగొట్టుకుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు జాస్మిన్. ఒక్కసారి కూడా రాలేదు.

అందుకే ఉండిపోతున్నాను.

మీ
కోటేశ్వరి